కొలువు దిగని బొమ్మలు

తెలుగులో 'కీలుబొమ్మ' అనే మాట ఒకటి ఉన్నది. కీలు అంటే సంధి. చేతికి, కాలికి, మెడకు సంధులు అమర్చి కదిలేటట్లు చేసిన బొమ్మ కీలుబొమ్మ. ఒకరు ఆడించినట్లల్లా ఆడే మనిషిని ఎద్దేవా చేయడానికి మనం ఇప్పుడు ఈ మాటను వాడుతున్నాము. కాని పసివాని లెక్క వేరు. కదలక మెదలక కూర్చున్న బొమ్మ కంటె, చేయెత్తి కత్తి దూసే బొమ్మ, కాలు మడిచి గుర్రమెక్కే బొమ్మ వానికి ప్రీతిపాత్రం. పదేళ్ళు వచ్చేసరికి బడి, పాఠాలు, బంతి ఆటలు ఆ బొమ్మ స్థానాన్ని ఆక్రమించుకొంటవి. బొమ్మ అటక ఎక్కుతుంది. సాధారణంగా కథ అక్కడితో ముగుస్తుంది.

అక్కడితో ముగియనివ్వనివారు కొందరున్నారు. నలభై, యాభై ఏళ్ళు వచ్చిన తరువాత కూడ చిన్ననాటి బొమ్మను దాచుకొని, దుమ్ము తుడిచి, విరిగినదానిని బాగుచేసి, పోయినదాని జోడును వెదకి సంపాదించేవారు వీరు. "ఇంత వయస్సు వచ్చీ ఇంకా బొమ్మలేమిటి?" అని నవ్వేవారూ ఉండనే ఉన్నారు. ఈ మమకారంలో అర్థమేమిటి? బాల్యపు బొమ్మకు కట్టుబడి ఉండడమంటే నిజానికి ఏమి చేయడం? ఈ విషయాన్ని ముఖ్యంగా మన కోనసీమ ఇళ్ళను దృష్టిలో ఉంచుకొని విచారించుదాము.

ముందుగా సీమబొమ్మల సంగతి. 1964లో అమెరికాలో హాస్బ్రో కంపెనీవారు జి.ఐ. జో అనే సైనికుని బొమ్మను విడుదల చేసినారు. అది సుమారు ఒక అడుగు ఎత్తున, ఒంటినిండ కీళ్ళతో ఉండేది. 'డాల్' అంటే అది ఆడపిల్లల వస్తువని మగపిల్లలు ముట్టరేమోనన్న శంకతో కంపెనీవారు ఆ మాటను పరిహరించి, 'యాక్షన్ ఫిగర్' అనే కొత్త పేరు పెట్టినారు. చూడబోతే మన కీలుబొమ్మకు అది కొత్త పేరు మాత్రమే. 1982లో అదే సైనికుడు నాలుగంగుళాలకు కొంచెం తక్కువ ఎత్తున తిరిగి అవతరించినాడు. 1987లో ఎం.ఆర్.ఎఫ్., హాస్బ్రో సంస్థలు కలిసి మన దేశంలో ఫన్‌స్కూల్ కంపెనీని నెలకొల్పిన పిమ్మట, ఆ సైనికులు ఇక్కడే తయారై మన అంగళ్ళలోకి వచ్చినారు. ఇక్కడ తయారైన కొన్ని బొమ్మల రంగులు అమెరికా బొమ్మల రంగులతో కలియవు. ఆ తేడా వల్లనే విదేశాల సేకరణకర్తలు వాటిని ప్రత్యేకంగా వెదకి కొంటూ ఉంటారు. వాటితో ఆడుకొన్న పిల్లలు నేడు సంసారులు. అటకమీది పెట్టెలోని ప్లాస్టిక్ వీరుని ఏమి చేయవలెనన్న ప్రశ్న వారికి ఇప్పుడు వచ్చింది.

మన ఇళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 'సేకరణ' అనే పేరు పెట్టకుండానే మన ఆడవారు తరతరాలుగా చిన్ననాటి బొమ్మలను కాపాడుతూ వస్తున్నారు. సంక్రాంతి బొమ్మల కొలువే ఇందుకు సాక్ష్యం. తమిళదేశంలో నవరాత్రులకు తీర్చే కొలువును మన కోస్తా జిల్లాలలో చాల ఇళ్ళలో సంక్రాంతికి తీరుస్తారు. భోగినాడు అటకమీది పెట్టె దిగుతుంది. మూడో, అయిదో, ఏడో మెట్లు కట్టి తెల్లని గుడ్డ పరచి బొమ్మలను నిలబెడతారు. పైమెట్ల మీద దేవుళ్ళు, దశావతారాలు; కిందికి వచ్చేసరికి పెళ్ళివారు, పచారీకొట్టు శెట్టిగారు, ఎడ్లబండి, తాడి ఎక్కే గీతకాడు, అంబారీ ఏనుగు; అడుగున లక్కపిడతలు. సాయంత్రం పిల్లలకు భోగిపళ్ళు పోసి, పేరంటాండ్రకు తాంబూలమిచ్చి, బొమ్మలకు హారతి పడతారు. పండుగ కాగానే బొమ్మలు మళ్ళీ పెట్టెలోకి వెడతవి. ఏటా ఒక కొత్త బొమ్మనైనా చేర్చవలెననేది ఈ కొలువులో ఒక నియమం. పాతవి పోరాదు, కొత్తది రావలెను అన్నది దాని ఆంతర్యం.

కోనసీమలో ఆ కొత్త బొమ్మ చాలసార్లు తీర్థం నుంచే వస్తుంది. కనుమనాడు జగ్గన్నతోటలో పదకొండు గ్రామాల ప్రభలు కూడే తీర్థం, మాఘమాసంలో భీష్మ ఏకాదశినాటి అంతర్వేది తీర్థం, ఊరూరా జరిగే అమ్మవారి తీర్థాలు - ఇవన్నీ పిల్లల దృష్టిలో ప్రధానంగా బొమ్మల అంగళ్ళే. దారం లాగితే కాళ్ళూ చేతులూ ఆడించే అట్టబొమ్మ, రెండు పుల్లల నడుమ మొగ్గలు వేసే కోతి, నీటితొట్టిలో టపటపలాడుతూ తిరిగే రేకు పడవ - ఒక్కొక్కటి ఒక్కొక్క ఏటిది. ఒక ఇంటి కొలువును శ్రద్ధగా పరికించినవారికి ఆ ఇంటి చరిత్ర తెలుస్తుంది. మామ్మగారి పుట్టింటినుంచి వచ్చిన చెక్క దశావతారాల పక్కనే మనుమడి ప్లాస్టిక్ సైనికుడు నిలుచుంటాడు. కొలువులో ఇద్దరికీ చోటున్నది.

ఈ అనురాగానికి కారణమేమిటి? ఇంగ్లండులో డోనాల్డ్ వినికాట్ అనే శిశువైద్యుడు 1951లో ఈ విషయమై ఒక ప్రసిద్ధ వ్యాసం చదివినాడు. పసిబిడ్డ ఒక గుడ్డపీలికనో, బొమ్మనో పట్టుకొని విడువడు. తల్లి దగ్గర లేని వేళ వానికి అదే ధైర్యం. ఆ వస్తువును బిడ్డ తానై మార్చుకొంటే తప్ప ఇతరులు మార్చరాదని ఆయన గమనించినాడు. శుభ్రం చేయబోయి దాని వాసన పోగొట్టినా ఆ వస్తువు బిడ్డకు పనికిరాకుండా పోతుంది. ఈ మాట పెద్దల విషయంలోను కొంతవరకు వర్తిస్తుంది. మనకు కావలసినది కొత్తగా మెరిసే మరొక బొమ్మ కాదు. రంగు పోయిన ఆ బొమ్మే. 'మనది' అని మొట్టమొదట మనం అనుకొన్న వస్తువు అదే కదా! పోతన భాగవతంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణించేటప్పుడు కూడ బొమ్మల పెండ్లిండ్లు, గుజ్జనగూళ్ళు ప్రస్తావనకు వచ్చినవి. బొమ్మరిల్లు కట్టని బాల్యాన్ని మన కవులు ఊహించలేదు.

ఇక్కడ ఒక భేదం గుర్తించవలసి ఉన్నది. మూడవ సాలార్‌జంగు దేశదేశాల వస్తువులను జీవితమంతా సేకరించినాడు. 1949లో ఆయన మరణించిన తరువాత, 1951లో ఆ సేకరణ ప్రదర్శనశాలగా ప్రజలకు తెరువబడింది. హైదరాబాదులోని ఆ సాలార్‌జంగ్ మ్యూజియంలో బాలల విభాగమనే పేర బొమ్మలు, ఆటవస్తువులు నేటికీ ఉన్నవి. ఢిల్లీలో వ్యంగ్యచిత్రకారుడు శంకర్ పిళ్ళై పూనికతో 1965లో అంతర్జాతీయ బొమ్మల ప్రదర్శనశాల వెలసింది. ఇవి గొప్ప ప్రయత్నాలు. కాని అమలాపురంలోనో, రాజోలులోనో ఒక ఇంటి అటకమీద ఉన్న రేకుపెట్టె సంగతి వేరు. అక్కడ లోకంలోని బొమ్మలన్నిటినీ సంపాదించాలన్న కోరిక లేదు; ఉన్నదానిని విడువరాదన్న పట్టుదల ఉన్నది. సేకరించడం ఒకటి, విడువకుండడం మరొకటి. మొదటిదానికి ధనం కావలెను. రెండవదానికి శ్రద్ధ చాలును.

ఆ శ్రద్ధకు కోనసీమలో పరీక్షలు ఎక్కువ. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, సముద్రపు ఒడ్డున ఉన్న ఈ సీమకు సిరి తెచ్చినది నీరే. బొమ్మకు శత్రువు కూడ నీరే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులకు పైగా పారిన వరద, 1996 నవంబరు 6వ తేదీ తుపాను, 2022 జూలైలో లంకగ్రామాలను ముంచెత్తిన వరద - ఇటువంటి సమయాలలో మనుషులు, పశువులు, ధాన్యం తరువాతనే ఏ వస్తువైనా. అది న్యాయమే. బొమ్మలపెట్టెను ఆపదలో ఎవరూ మోసుకొని పోరు. కాబట్టి ఆపద రాకముందే దానిని భద్రమైన చోట ఉంచుకోవలసి ఉంటుంది.

నీరు కాక మరొక శత్రువు పంపకాలు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఇత్తడి గంగాళాలను లెక్కపెడతారు. బొమ్మలపెట్టెను ఎవరూ లెక్కపెట్టరు. పిల్లలు హైదరాబాదుకు, అమెరికాకు, గల్ఫు దేశాలకు వెళ్ళిపోతారు. మండువా లోగిలి పడగొట్టి కొత్త ఇల్లు కట్టేవేళ అటక ఉండదు. అటకతోబాటు పెట్టె కూడ పోతుంది. బొమ్మలు విరిగి నశించేవానికంటె, 'ఇది ఎవరిది?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవారు లేక పోయేవి ఎక్కువ.

కనుక మొదట సంరక్షణ. బొమ్మ దేనితో చేసినదో తెలుసుకొంటే దానిని ఎలా చూడవలెనో తెలుస్తుంది.

కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చేస్తారు. అది తేలికైన మెత్తని కర్ర. తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికి, సున్నపు పూత పూసి, ఆపైన రంగులు దిద్దుతారు. అతుకు చింతగింజలది కనుక తడి తగిలితే వదులవుతుంది. ఈ బొమ్మను తడిగుడ్డతో ఎన్నడూ తుడువరాదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలును.

ఏటికొప్పాక లక్కబొమ్మ వేరు జాతిది. అంకుడు కర్రను తరిణిపట్టి, అది తిరుగుతుండగానే రంగులక్క కడ్డీని ఒత్తితే, ఆ ఒరపిడికి పుట్టిన వేడిమికి లక్క కరిగి కర్రను పట్టుకొంటుంది. వేడితో పట్టినది వేడితోనే చెడుతుంది. అందుచేత లక్కపిడతలను ఎండలోగాని, పొయ్యి దగ్గరగాని ఉంచరాదు. స్పిరిటుతో అసలే తుడువరాదు; లక్క స్పిరిటులో కరుగుతుంది. పొడిగుడ్డతో మెల్లగా రుద్దితే మెరుపు తిరిగి వస్తుంది.

మట్టిబొమ్మలను, కాగితపు గుజ్జు బొమ్మలను ఒక్కొక్కటిగా పాత నూలుగుడ్డలో చుట్టి, నడుమ ఎండుగడ్డి కాని కాగితం కాని కూరవలెను. పాతకాలపు కచకడా బొమ్మలు, అనగా సెల్యులాయిడ్ బొమ్మలు ఇంట ఉంటే విశేష జాగ్రత్త అవసరం. అవి ఇట్టే అంటుకొని భగ్గుమంటవి. కొలువులో దీపం దగ్గర వాటిని నిలుపరాదు. మిగిలినవాటితో కలిపి ఒకే పెట్టెలో పెట్టరాదు.

ప్లాస్టిక్ బొమ్మకు చావులేదని అనుకోవడం పొరపాటు. మెత్తని ప్లాస్టిక్‌లో కలిపిన నూనెవంటి పదార్థం ఏళ్ళు గడచినకొద్దీ పైకి ఊరి బొమ్మను జిగటగా చేస్తుంది. అటువంటి బొమ్మలు ఒకదానినొకటి తాకితే అంటుకొని రంగులు చెడిపోతవి. గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం కూడ మంచిది కాదు. ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పచ్చబడుతుంది. బ్యాటరీతో నడిచే బొమ్మ అయితే దాచేముందు బ్యాటరీని తప్పక తీసివేయవలెను.

పెట్టెను నేలమీద కాక, ఎత్తైన పీటమీద, గోడకు తగలకుండ ఉంచితే చెదలు అంత సులభంగా చేరదు. నీడలో ఎండిన వేపాకు వేయడం పెద్దలనుంచి వచ్చిన పద్ధతి. కలరా ఉండలు మాత్రం చంటిపిల్లలున్న ఇంట మంచివి కావు. కొన్ని ప్లాస్టిక్‌లను కూడ అవి చెరుస్తవి. వీటన్నిటికన్న ముఖ్యమైనది ఏటేటా పెట్టె తెరవడం. సంక్రాంతి నాటికి వానలు వెనుకపట్టి గాలి పొడిగా ఉంటుంది. ఆ రోజులలో బొమ్మలను బయటికి తీసి, గాలి తగలనిచ్చి, పురుగు పట్టినదానిని వేరుచేసి, తిరిగి సర్దడమనే పనిని మన కొలువు ఏటా చేయిస్తున్నది. ప్రదర్శనశాలలవారు నియమంగా జరిపే పరీక్షను మన ఇంటి ఇల్లాలు పండుగ పేర జరుపుతున్నది.

ఇక బొమ్మ విరిగినప్పుడు ఏమి చేయవలెను? సేకరణకర్తలలో తరచు వివాదం కలిగించే ప్రశ్న ఇదే. ఇందుకు జి.ఐ. జో బొమ్మ మంచి దృష్టాంతం. 1982 తరువాతి చిన్న బొమ్మలలో నడుమునూ కాళ్ళనూ కలిపి పట్టి ఉంచేది లోపలి రబ్బరు ఉంగరం. పదిహేను, ఇరవై ఏళ్ళకు ఆ రబ్బరు ఎండి తెగిపోతుంది. సైనికుడు రెండు ముక్కలవుతాడు. చాలమంది ఆ బొమ్మ పోయిందని పారవేసినారు. తెలిసినవారు కొత్త రబ్బరు ఉంగరం వేసి నిలబెట్టినారు. అలా చేస్తే అది వేరే బొమ్మ అవుతుందా? కాదు. పాత రేడియోలో కాలిపోయిన వాల్వు తీసి అదే రకం వాల్వు వేసినంతమాత్రాన అది నాన్నగారి రేడియో కాకుండా పోదు కదా! తోలుబొమ్మలాటవారు కూడ తెగిన కీలు దారాన్ని మార్చి, అదే రాముణ్ణి, అదే హనుమంతుణ్ణి తెరమీదికి తెస్తారు.

ముఖానికి కొత్తరంగు వేయడం మాత్రం వేరు సంగతి. రంగు పోయిన కనుబొమలను దిద్ది, పెదవులకు ఎరుపు పూసి, "కొత్తదానిలా ఉన్నది" అని మురిసిపోతాము. కాని ఆ కళ్ళు దిద్దిన పనివాని చేయి ఆ పూత కింద మరుగైపోతుంది; పసితనంలో మనం చూచిన చూపు పోతుంది. కనుక ఒక సూత్రం చెప్పుకోవచ్చును: కీలు మార్చవచ్చును, ముఖం మార్చరాదు. బొమ్మ నిలబడడానికి కావలసిన మరమ్మతు సేవ. అందంకోసం చేసే మార్పు చాలసార్లు అపచారమే. కొన్ని ఇళ్ళలో విరిగిన దేవతామూర్తిని కొలువులో పెట్టరు. దానిని నీటిలో కలుపుతారు. అది ఆ ఇంటి ఆచారం, దానిని మన్నించవలసినదే. చేయి విరిగిన సిపాయినీ, చక్రం పోయిన బండినీ నీటపాలు చేయనక్కరలేదు. గుడ్డలో చుట్టి పెట్టె అడుగున ఉంచితే వాటి కాలం అవి గడుపుకొంటవి.

మరొక వివాదం ఉన్నది. డబ్బా విప్పని బొమ్మకు బజారులో ధర ఎక్కువ. అందుచేత కొందరు బొమ్మను కొని, డబ్బా తెరువకుండ బీరువాలో భద్రపరుస్తారు. దానితో ఎవరూ ఆడుకోలేదు. దానికి కథ లేదు. పిల్లవాని చేతికిచ్చి మూడు రోజులలో ముక్కలు చేయించడం కూడ బుద్ధిమంతుల పని కాదు. కొలువు ఈ రెంటికీ నడిమిదారి చూపుతున్నది. సంవత్సరమంతా పెట్టెలో, పండుగరోజులలో పిల్లల నడుమ. పెద్దల ఎదుట చెక్కబొమ్మలు పట్టుకోనివ్వండి. లక్కపిడతలతో వంట చేయనివ్వండి. "మెల్లగా పట్టుకో, ఇది మామ్మ ఆడుకొన్నది" అన్న ఒక్క మాటతో పిల్లవాడు బొమ్మ విలువ నేర్చుకొంటాడు. ఏ ధరల జాబితా చూపినా అతనికి ఆ విలువ తెలియదు.

దాచరానివి కూడ కొన్ని ఉన్నవి. తాటిబుర్రల బండి, తాటాకు గిలక, కొబ్బరాకు బూర - కోనసీమ పిల్లవాని అసలైన ఆటవస్తువులు ఇవి. సాయంత్రానికి వాడిపోయేవాటిని పెట్టెలో పెట్టడం సాధ్యం కాదు. వాటికి కట్టుబడి ఉండే మార్గం ఒక్కటే: చేయడం నేర్పడం. తాత చేతి పని మనుమని చేతికి వస్తే ఆ బొమ్మ నిలిచినట్లే.

పెట్టెలో ఒక కాగితం ఉంచమని నా మనవి. ఏ బొమ్మ ఎవరిది, ఏ తీర్థంలో ఎవరు కొన్నారు, ఏ ఏట ఏ కీలు మార్చినారు - రెండేసి ముక్కలలో వ్రాసిపెట్టండి. వీలైతే పక్కన ఒక ఫోటో అతికించండి. రేపు పెట్టె చేతులు మారినా, అమ్మవలసి వచ్చినా, వరదపాలైనా ఆ వివరం మిగులుతుంది. ఇంటివారంతా దూరదేశాలలో ఉండి పెట్టెను చూచే దిక్కు లేకపోతే, కొలువు పెట్టే మరొక ఇంటికి ఆ కాగితంతో సహా అప్పగించండి. అటకమీద చెదలకు వదలడం కంటె అది మేలు.

చివరగా, పాత బొమ్మమీది ప్రేమ దానిని చేసిన చేతిని మరువరాదు. తెల్లపొణికి కర్ర దొరకడం నేడు కష్టమవుతున్నది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ సహజమైన రంగులతో లక్కపనికి పునరుజ్జీవం కలిగించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. గౌరవాలు సంతోషకరమే. పనివాని ఇల్లు గడిచేది మాత్రం కొనేవారి వల్ల. ఏటా ఒక కొత్త బొమ్మ అన్న కొలువు నియమాన్ని మనం పాటిస్తే, ఆ ఒక్కటి ఆ చేతులనుంచి తెచ్చుకొంటే, పాతదానిని బాగుచేసేవారు కూడ మిగులుతారు. వారు లేనినాడు మన పెట్టెలోని బొమ్మకు చేయి విరిగితే అతికేవారుండరు.

వచ్చే భోగికి పెట్టె దించినప్పుడు ఒక్కొక్క బొమ్మను చేతిలోకి తీసుకొని, పక్కనున్న పిల్లలకు దాని పేరు, దాని ఊరు చెప్పండి. వారిలో ఒక్కరు గుర్తుపెట్టుకొన్నా చాలు. ఆ బొమ్మకు ఇంకొక తరం కొలువు దొరికినట్లే.